మామూలు కంటే

జిన్‌ఫా పట్టిన కుందేలుకు మూడే కాళ్లని షూచిన్‌కి పెళ్లయిన నెలకే తెలిసింది. నలభై రెండేళ్ల తర్వాత, జియాయీ ఆసుపత్రి ఎమర్జెన్సీ మంచం మీద కూడా ఆయన ఆ కుందేలును వదల్లేదు.

కిడ్నీలు పాడై ఆయనకిది పదకొండో ఏడు. వారానికి మూడుసార్లు పై అంతస్తులో డయాలసిస్. ఆ పొద్దున కుర్చీలో ఉండగానే చెమటలు పట్టి వికారమైతే నర్సులు కింద ఎమర్జెన్సీకి దింపారు.

కో అనే కుర్ర డాక్టరు రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చింది. "బాబాయ్, గుండెకి దెబ్బ తగిలితే ఈ ట్రోపోనిన్ పెరుగుతుంది. పద్నాలుగు దాటకూడదు. మీకు డెబ్బై ఒకటుంది!"

"ఓస్, అంతేనా! పైన మా గదిలో ఎవరి రక్తం తీసినా ఇంతేనమ్మా. కిడ్నీలు చెడినోళ్లకి అదెప్పుడూ ఎక్కువే. సూది తీసెయ్. మధ్యాహ్నానికి నా పందెం పావురాలు వచ్చేస్తాయి, నేను మేడ మీదుండాలి."

ముసలాయన అబద్ధమాడలేదు. పాత కాగితాల్లో చూస్తే మార్చిలో అరవై ఎనిమిది. డాక్టరు ముఖం కాస్త తేటపడింది.

"మామూలే కావచ్చు పిన్నీ," అంది మంచం పక్కన కూర్చున్న షూచిన్‌తో. " కానీ ఒక్క అంకెతో చెప్పలేం. మూడు గంటలాగి మళ్లీ చూస్తాం. కదలకుండా ఉంటే మామూలు. ఎగబాకితే గుండె."

"మూడు గంటలా! నా పూచీ మీద నేనే పోతా, కాగితం తే." కలం కూడా పట్టుకున్నాడు. "ఏమేవ్, కళ్లజోడు ఇటివ్వు."

షూచిన్ సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. ఈ మనిషిని ఇంటికి తీసుకెళ్లడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

"ఒకటి చెప్పు. నీ కుంటి పావురం ఎప్పుడొస్తుంది?"

"అన్నిటికంటే ముప్పావుగంట వెనక."

"కంగారు పడతావా?"

"దాని అలవాటే అంత. ఎందుకు పడతా?"

"మరి కిందటేడు అన్నం మానేసి మేడ మీదే కూచున్నావే?"

"ఆ రోజు మామూలు కంటే ఆలస్యమైంది కదే!" అన్నాడు జిన్‌ఫా. అని, కలం కిందికి దించాడు.

"ఆ పిల్ల అడిగేదీ అదే. ఎక్కువా కాదా అని కాదు, నీ మామూలు కంటే ఎక్కువా అని. పడుకో ముసలోడా."

గొణుక్కుంటూ పడుకున్నాడు.

మూడు గంటల తర్వాత డాక్టరు కో దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. రెండు వందల ఆరు.

"ఇది కిడ్నీ పని కాదు బాబాయ్. గుండె రక్తనాళం మూసుకుపోతున్నట్టుంది. దాన్ని తెరవడానికి ఇప్పుడే తీసుకెళ్లాలి."

మంచం కదిలింది. జిన్‌ఫా తడుముకుంటూ భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పట్టుకున్నది డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చేత్తో. అందులో రక్తం గిర్రున తిరగడం ఆమె వేళ్లకి తెలుస్తోంది.

"నువ్వు ఆపకపోతే ఈపాటికి పోయేవాణ్ణి," అన్నాడు.

'ఇంటికి' అని కూడా అనబోయాడు. ఆ మాట నోట రాలేదు. 'పోయేవాణ్ణి' అన్న మాట మాత్రం ఇద్దరికీ ఇంకోలా వినపడింది.

"నోర్ముయ్," అంది షూచిన్ ఏడుస్తూ. తలుపు దాకా ఆ చెయ్యి వదల్లేదు.