వణుకుడు బిళ్ళ

పొద్దున తొమ్మిదింటికి సామాన్ల గదిలోంచి కోడలు "మామయ్యా!" అని పిలిచిన తీరుకే ఆయన ఉన్నపళంగా లేచి పరుగెత్తాడు. కొంప మునిగితే తప్ప ఆ పిల్ల గొంతు అలా లేవదు.

గదిలో చెక్క అల్మరా మీద వరసగా పదకొండు గాజు సీసాలు. ఒక్కో సీసాలో జెల్లీ మీద వేలికణుపంత ఆర్కిడ్ మొక్కలు, కిక్కిరిసి. తను పనిచేసే ల్యాబు మూతపడిన రోజు కోడలు అక్కణ్ణుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. రెండేళ్ళ కిందట తన చేత్తో రెండు రకాల పూలను కలిపి, కాయ కాయించి, విత్తు చల్లి పెంచింది. తల్లిమొక్కలు రెండూ ల్యాబుతోపాటే పోయాయి. ఈ సీసాల్లో తప్ప లోకంలో ఆ పువ్వు మరెక్కడా లేదు. ఏ రంగులో పూస్తుందో కూడా ఇంకా ఎవరికీ తెలీదు.

"మూడు సీసాల్లో బూజు," అంది కోడలు. "మిగతావాటికి పాకిందో లేదో పైకి కనపడదు. అన్నీ ఇవాళే బయటికి తీసి కడగాలి."

"తీసెయ్యి మరి."

"తీస్తే బతకాలిగా! సీసాలో పెరిగినవి, గాలి సోకితే వాడిపోతాయి. గదిలో తేమ ఎనభై అయిదు ఉండాలి. మీటరు ముప్పై ఎనిమిది చూపిస్తోంది. మీ మిషను ఎప్పటికవుతుంది?"

ఆయన కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. వారం రోజులుగా ఆ మిషను పనిమీదే ఉన్నాడు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసిన ఫ్యాను, బొటనవేలు పట్టేంత గొట్టం, నీళ్ళ అడుగున కూర్చునే లోహపు బిళ్ళ. ఆ బిళ్ళ చెవికి వినపడనంత వేగంగా వణికి నీళ్ళను పొగమంచులా చిమ్ముతుంది. ఫ్యాను దాన్ని గొట్టంలోంచి గదిలోకి తోస్తుంది. కుళాయి నీళ్ళయితే ఆకుల మీద తెల్లటి పొడి పేరుకుంటుందని, ఏరికోరి రెండు క్యాన్ల డిస్టిల్డ్ వాటర్ కూడా తెచ్చిపెట్టాడు.

"పదకొండుకల్లా తిప్పేస్తా. నువ్వు మొదలుపెట్టమ్మా," అన్నాడు.

ఆ మాట నమ్మి, ఇరుకు మూతుల సీసాలను ఆమె ఒక్కొక్కటే పగలగొట్టింది.

పదకొండయ్యేసరికి నాలుగొందల పైచిలుకు మొక్కలు కడిగిన ఒంటితో, తడి నాచు పరిచిన ట్రేలలో కూర్చున్నాయి. ఇక వెనక్కి వెళ్ళడానికి సీసాల్లేవు. ఆయన నీళ్ళు నింపి, మూత బిగించి, స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. గొట్టంలోంచి గాలి వచ్చింది. మంచు మాత్రం రాలేదు.

తలుపు దగ్గర తడి తువ్వాళ్ళు పిండుతున్న ఆయన అక్క మెడ చాచి చూసింది. "ఒరేయ్, ఇదేనా నీ వణుకుడు బిళ్ళ? అది వణకట్లేదు, నువ్వు వణుకుతున్నావు."

"అక్కయ్యా, కాసేపు నోరు మూసుకుంటావా?"

"నేను మూసుకుంటే అది పనిచేస్తుందంటే ఇప్పుడే కుట్టించుకుంటాను. ఫ్యాను బాగుచేస్తానని విప్పి, మూడు మరలు మిగిల్చినవాడివి నువ్వు!"

కోడలు నవ్వలేదు. స్ప్రే సీసాతో మొక్కల మీద నీళ్ళు చిమ్ముతోంది. "పెద్ద చుక్కలు చిగుర్లో నిలిచిపోతే కుళ్ళు పడుతుంది మామయ్యా. ఇలా ఎంతసేపని?"

ఆయన అడాప్టర్ మార్చాడు. తీగల అతుకులన్నీ మళ్ళీ వేడిచేసి అతికాడు. బిళ్ళ తుడిచి, తిరగేసి, మళ్ళీ ముంచాడు. ఉలుకూ పలుకూ లేదు. పన్నెండున్నరకు మీటరు నలభై ఒకటి దగ్గర బిగుసుకుంది. కిటికీ పక్కనున్న మొదటి ట్రేలో ఆకులు అంచులు ముడుచుకుని, ఒక్కొక్కటే నాచు మీదికి ఒరుగుతున్నాయి. రెండో ట్రేలోనూ అదే మొదలైంది. కోడలు వాటివైపు చూడటం మానేసింది. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది.

కరెంటు ఆపి, బిళ్ళను తీగతో సహా పీకి, వంటింట్లోకి పరుగెత్తాడు. గ్లాసెడు కుళాయి నీళ్ళలో వేసి స్విచ్చి నొక్కాడు. గ్లాసులోంచి మంచు బుస్సుమని లేచి కళ్ళద్దాలకు పట్టేసింది.

"బతికే ఉంది!" అని అరుస్తూ తెచ్చి డబ్బాలో వేశాడు. చచ్చింది.

"నీకు మల్లే దానికీ చాదస్తమేరా," అంది అక్క. "వంటింటి నీళ్ళు తప్ప తాగదు."

ఆయన ఆగిపోయాడు. బిళ్ళ పక్కన చిన్న మేకులాంటి మొల ఒకటి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని వేలితో తడిమాడు. ముఖం ఎర్రబడింది.

"ఏమైంది మామయ్యా?"

"నీళ్ళు అయిపోతే బిళ్ళ మాడిపోతుందని ఈ మొల కాపలా కాస్తుందమ్మా. కాస్త కరెంటు నీళ్ళలోకి పంపి, నీళ్ళున్నాయో లేవో చూసుకుంటుంది. లవణమన్నదే లేని నీళ్ళలో కరెంటు సరిగా నడవదు. డబ్బా నిండా పోసినా దీని లెక్కకు అది ఎండిపోయిన డబ్బా." నుదురు కొట్టుకున్నాడు. "స్వచ్ఛమైన నీళ్ళలో బల్బు వెలగదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చేసి చూపించాను!"

"ఇంతేనా! చిటికెడు ఉప్పు పడేస్తే పోదూ," అని అక్క లేచింది.

"ఉప్పొద్దు పెద్దత్తయ్యా! లేత ఆకులు, మాడిపోతాయి." కోడలు అల్మరాలోంచి ఒక బుడ్డి లాగింది. మొక్కలకు పలచగా కలిపి పెట్టే ఎరువు మందు. "ఇదీ లవణాలేగా మామయ్యా? వచ్చేవారం ఎలాగూ పెట్టేదే."

ఆయన ఆమెవైపు చూశాడు. "లవణాలే. కొంచెం కొంచెంగా పొయ్యి."

ఒక డ్రాపర్. ఏమీ లేదు. రెండు. మూడు. అక్క వచ్చి బుడ్డి పట్టుకుంది. నాలుగు. అయిదో డ్రాపర్ నీళ్ళలో కలిసిందో లేదో, డబ్బా అడుగున బుడగలాంటిది లేచి, గొట్టం మూతిలోంచి తెల్లటి మంచు దొర్లుకుంటూ వచ్చి ట్రేల మీద పరుచుకుంది.

ముగ్గురూ మీటరునే చూస్తూ నిలబడ్డారు. యాభై. అరవై రెండు. రెండింటికి ఎనభై ఆరు.

మొదటి ట్రే మొత్తం పోయింది. దాదాపు నలభై మొక్కలు. కోడలు వాటిని పట్టకారుతో ఏరి, కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"డబ్బాను ఒక్కసారైనా తిప్పి చూడకుండా నిన్ను మొదలుపెట్టమన్నాను," అన్నాడాయన, ఆమె వీపు వైపు చూస్తూ.

"మీరు వద్దన్నా ఇవాళే తీసేదాన్ని. బూజు మీకోసం ఆగుతుందా?" తిరగకుండానే అంది. రెండో ట్రే దగ్గరికి జరిగి, "ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి మామయ్యా. ఆకులు మరీ ఊగిపోతున్నాయి," అంది.

ఆయన వంగి చూశాడు. ఇందాక నాచు మీద పడి ఉన్న రెండో ట్రేలోని ఆకులు మంచులో తలలెత్తి, గొట్టం గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి. తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుని, ఫ్యాను మీట కోసం డబ్బా వెనక తడిమాడు.