డొమింగాస్ అవ్వను అడిగిన మొదటి ప్రశ్న

మృదుల పెళ్లి డొమింగాస్ అవ్వ "ఊఁ" అనడం దగ్గర ఆగింది. పెళ్లికొడుకు అదిల్సన్‌ది అంగోలా. వాళ్లింట్లో నాయనమ్మ డొమింగాస్ మాటే చివరి మాట. ఆవిడకు బాగా వచ్చిన భాష కింబుందు ఒక్కటే.

"హలో చెప్తే చాలు అమ్మా, అదిల్సన్ ట్రాన్స్‌లేట్ చేస్తాడు," అని మృదుల మొత్తుకుంది. అమెరికాలోని నేపర్‌విల్‌లో ముప్పైఐదేళ్లు డాక్టరుగా చేసి రిటైరైన జ్ఞానప్రసూన ఒకరి మాట వినే రకమా? అవ్వను ఆవిడ భాషలోనే పలకరించి మెప్పిస్తానని భీష్మించుకు కూర్చుంది.

ఇంటర్నెట్‌లో వెతికితే ఓ పాత పుస్తకం దొరికింది. కింబుందుకు సొంత లిపి లేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఫాదరీలు దాన్ని తమ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టారు. ఇదీ అలాంటి ఫాదరీ ఎవరో రాసిందే. ఒక పక్క కింబుందు, ఇంకో పక్క పోర్చుగీసు, అన్నీ ప్రశ్నలూ జవాబులే. పోర్చుగీసు ముక్క రాకపోయినా జ్ఞానప్రసూన తడబడలేదు. రైల్వే స్టాళ్లలో అమ్మే ముప్పై రోజుల్లో భాష నేర్పే పుస్తకం లాంటిదే కదా, మొదటి ప్రశ్న కుశల ప్రశ్న కాక మరేమవుతుంది అనుకుంది. దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుంది. ప్రతి మాట చివరా అచ్చు వినబడుతుంటే మన భాషే అనిపించి మురిసిపోయింది. పూజలో మంత్రాలు మాత్రం అర్థం తెలిసే చదువుతున్నామా ఏమిటి అనుకుని వారం రోజులు వల్లె వేసింది.

ఆదివారం అవ్వ వచ్చింది. ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, చేతికి బొబ్బట్ల ప్లేటు ఇచ్చి, జ్ఞానప్రసూన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది.

అదిల్సన్‌కు కాఫీ పొలమారింది.

"ఏమన్నాను బాబూ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఆంటీ... 'ఇంట్లో ఎన్ని విగ్రహాలు దాచావు? దేవుడి ముందు నిజం ఒప్పుకో' అన్నారు."

జ్ఞానప్రసూన వెనకే పూజగది బార్లా తెరిచి ఉంది. మృదుల రెండు చేతులతో మొహం కప్పుకుంది. పెళ్లి చెడగొట్టింది నేనేననుకుంది జ్ఞానప్రసూన.

అవ్వ ప్లేటు పక్కన పెట్టింది. శిలువ గుర్తు వేసుకుంది. పిల్లలిద్దర్నీ చేత్తో బయటికి పొమ్మని, మొదలుపెట్టింది. పావుగంట చెప్పింది. జ్ఞానప్రసూనకు ఒక్క మాట అర్థమైతే ఒట్టు. పేషెంట్ల ముందు కూర్చున్న అలవాటు కొద్దీ "ఊఁ" కొట్టింది. అవ్వ ఏడిస్తే టిష్యూ అందించింది. ఎందుకో తనకూ ఏడుపొచ్చింది. చివర్లో అవ్వ చెయ్యి చాచి దేనికోసమో ఎదురుచూసింది. ఏం చెయ్యాలో తోచక, పూజగదిలోంచి పటికబెల్లం తెచ్చి ఆ అరచేతిలో పోసింది.

అవ్వ కళ్లు మూసుకుని ఒక ముక్క చప్పరించింది. తర్వాత మనవణ్ణి పిలిచి ఏదో చెప్పింది.

"మీరడిగింది చర్చిలో పాపాలు ఒప్పుకునేవాళ్లని ఫాదరీ అడిగే ప్రశ్నట. ఈ దేశం వచ్చి పదకొండేళ్లయిందట. తన భాషలో పాపాలు ఒప్పుకుందామంటే ఒక్క ఫాదరీ దొరకలేదట. ఇవాళ బరువు దిగిందట. పెళ్లికి ఓకే ఆంటీ! కానీ..." అదిల్సన్ నీళ్లు నమిలాడు. "విగ్రహాలు మీ పూజగదిలోనే పదిహేడు ఉన్నాయట. ఇప్పుడు మీ వంతట."

జ్ఞానప్రసూన పిల్లల్ని మళ్లీ బయటికి తరిమింది. అవ్వ ఎదురుగా కూర్చుంది.

"పిల్ల మీ మనవడి పేరు చెప్పిన రోజు అన్నం ముట్టలేదండీ," అంది తెలుగులో. "నలుగురూ ఏమనుకుంటారోనని ఏడ్చాను. దాని సంతోషం ఒక్కసారైనా తలుచుకోలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు."

ఒక్క ముక్క అర్థం కాని అవ్వ "ఊఁ" అని తలూపింది. తన చేతిలో మిగిలిన పటికబెల్లం జ్ఞానప్రసూన అరచేతిలో పెట్టింది.