ఆగని తెల్ల బంతి

మ్యాచ్ ఉన్న రోజు అక్క అందరికన్నా ముందే హాలుకొచ్చి, స్నూకర్ బల్లమీది ఆకుపచ్చ గుడ్డని బ్రష్షుతో దులిపి, దానిమీద గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెని ఒకే వైపుకి లాగుతుంది. ఇరవయ్యేళ్లుగా అదే ఆమె ఉద్యోగం. ఆ బల్లల కింద పాకుతూ పెరిగిన తమ్ముడు ఇవాళ ఛాంపియన్. చేతిలో ఎంత విద్య ఉందో ముక్కుమీద అంత కోపమూ ఉంది.

తమ్ముడికి కోపమొస్తే తెల్ల బంతి ఆగదు. ఆ కోపం చల్లారేదాకా బల్లమీద తిరుగుతూనే ఉంటుంది. బంతులు ఆగితే గానీ తర్వాతి దెబ్బ కొట్టకూడదు కాబట్టి రిఫరీ కుర్చీ వేసుకుంటాడు, జనం టీకి పోతారు. కిందటేడు ఏకంగా మూడు గంటలు తిరిగింది. స్నూకర్ సంఘం వాళ్లకి విసుగెత్తి కాగితం పంపారు: ఇకమీదట పది నిమిషాల్లో ఆగకపోతే జన్మలో ఆడనివ్వం. తమ్ముడికి చూస్తే ఇంకో పని రాదు. అప్పట్నుంచీ అక్కకి ముద్ద దిగడం లేదు.

ఫైనల్లో ఆఖరి ఆట. తెల్లదీ నల్లదీ మాత్రమే మిగిలాయి. తమ్ముడు ఐదు పాయింట్లు ముందున్నాడు. నల్లదానికి ఏడు పాయింట్లు, దాన్ని గుంటలో వేసినవాడిదే కప్పు. వంగి కొట్టాడు, తప్పింది.

"ఎవడయ్యా దగ్గింది?" అని జనం మీద విరుచుకుపడ్డాడు. లైట్లనీ తిట్టాడు. తెల్ల బంతి తిరుగుతూనే ఉంది. రిఫరీ గడియారం నొక్కాడు.

ఆరు నిమిషాలయ్యాక అక్క ఉండబట్టలేక, జనానికి అడ్డంగా కట్టిన తాడు దగ్గరికొచ్చింది.

"కోపం ఎవరిమీదరా?"

"దగ్గినవాడి మీద."

"వాడు బయటికెళ్లిపోయి చాలాసేపైంది. బంతి ఆగిందా?"

"నువ్వెళ్లి కూర్చో అక్కా."

ఆమె కూర్చోలేదు. అక్కడే నిలబడింది. తొమ్మిదో నిమిషంలో తమ్ముడు తలొంచుకున్నాడు.

"కొట్టేముందు నా చొక్కా నల్లదానికి తగిలింది. ఎవరూ చూళ్లేదు."

ఈ ఆటలో అలాంటిది తగిలినవాడే చెప్పుకోవాలి. చెబితే ఏడు పాయింట్లు ఎదుటివాడికి పోతాయి, ఆట అక్కడితో సరి.

"నాతో చెప్తే ఏం లాభం?" అంది అక్క.

అతను రిఫరీ దగ్గరికెళ్లాడు. "తప్పు నాదే సార్. నల్లదానికి నా చొక్కా తగిలింది."

బంతి నెమ్మదించి, బల్ల మధ్యలో ఆగింది. గడియారంలో ఇంకా పన్నెండు సెకన్లున్నాయి. హాలంతా ఎదుటివాడికి చప్పట్లు కొడుతుంటే అక్క నేలమీద చతికిలబడి ఏడ్చింది.

తమ్ముడు గెలిచినవాడితో చేయి కలిపి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"రేపు ప్రాక్టీసుకి బల్ల ఖాళీయేనా అక్కా?"

"ఎనిమిదింటికల్లా రా," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ.