గాలి కన్నం లేని పెట్టె

భోజనాల వేళకే తోటికోడలు ఐదో పెట్టె మూత బిగించేసింది. పెద్దకోడలి ముందు రెండే ఉన్నాయి. రేకుల షెడ్డులో ఎండ సెగకన్నా ఆ తేడాయే ఆమెను ఎక్కువగా ఉడికిస్తోంది.

పాత ల్యాప్‌టాప్‌ల లిథియం సెల్లు ఏరి, ఇనప పెట్టెల్లో పేర్చి, ఇళ్లకు బ్యాటరీలుగా అమ్మే చోటు అది. పెట్టెకు నలభై కూలి. నాలుగేళ్లుగా ఫ్యాను కింది స్టూలు పెద్దదానిదే. మూడు నెలల కిందట మరిది భార్యను తనే వెంటబెట్టుకొచ్చి పని నేర్పింది. ఇప్పుడు ఆ స్టూలు ఎక్కి చిన్నది కూనిరాగాలు తీస్తోంది.

చిన్నదాని వేగంలో మాయేమీ లేదు. సెల్లు పేర్చకముందే పెట్టె పక్కన రెండు కన్నాలు వేసి జల్లెడ అతికించాలి. ఏ సెల్లయినా పాడై వేడెక్కితే వాయువు కక్కుతుంది. దానికి దారి లేకపోతే పెట్టె పేలుతుంది. కన్నాలుంటే లోపలికి నీళ్లు పోతాయని కొనేవాళ్లు వంకలు పెడుతున్నారంటూ యజమాని వాటిని మానెయ్యమన్నాడు. చిన్నది మానేసింది, పెద్దది మానలేదు. ఒకప్పుడు కన్నాల్లేని పెట్టె మూత ఎగిరి ఆమె మోచెయ్యి కాలింది. పనంతా నేర్పింది గానీ ఆ సంగతి మాత్రం చిన్నదానికి చెప్పలేదు. ఓ పెట్టె ఉబ్బి తిరిగొస్తే దీని పొగరు అణుగుతుందని లోలోపల ఎదురుచూస్తోంది.

అంతలో బట్టలు కుట్టే ఆవిడ బ్యాటరీ కోసం వచ్చింది. ప్లగ్గు మంచం కిందే ఉంది కాబట్టి పెట్టె అక్కడే పెడతానని, పిల్లలు తన్నినా ఏమీ కాదు కదా అని అడిగింది. యజమాని చిన్నది చేసిన పెట్టె మీద తట్టి, నీళ్లు పోసినా లోపలికి పోవన్నాడు. పెద్దదాని వైపు తిరిగి, చూసి నేర్చుకోమన్నాడు.

పేలనీ, అనుకుంది పెద్దది. అనుకున్నాక గానీ ఆ మంచం మీద పడుకునే పిల్లలు మనసులోకి రాలేదు. లేచి వెళ్లి పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇది తీసుకెళ్లకమ్మా. గాలి పోయే దారి లేదు, పేలుతుంది. కన్నాల్లేని పెట్టెని ఇక గుమ్మం దాటనివ్వను సార్."

తోటికోడలంటే కుళ్లుతో వాగుతోందని, పట్టించుకోవద్దని యజమాని ఆవిడకు నచ్చజెప్పబోయాడు.

"కుళ్లే సార్. అందుకే ఇన్నాళ్లూ దీనికి చెప్పలేదు," అంటూ పెద్దది మోచేతి మచ్చ చూపించింది.

చిన్నది స్టూలు దిగి దగ్గరికొచ్చింది.

"మొన్న మా అమ్మకి నేను చేసిందే ఒకటి తీసుకెళ్లాను కదక్కా. ఆవిడ తలగడ పక్కనే ఉంది. నువ్వే ఎత్తి నా నెత్తిన పెట్టావు."

చెప్పులైనా వేసుకోకుండా ఎండలోకి పరుగెత్తింది. పెద్దదానికి వెంట వెళ్లాలనే ఉంది. కానీ పెట్టె మీది చెయ్యి తీసిన మరుక్షణం యజమాని దాన్ని బట్టలు కుట్టే ఆవిడ చేతిలో పెట్టేస్తాడు.