కూర్మయ్య అరచెయ్యి

క్రేను డ్రమ్ము మీద నుంచి ఇనుపతాడు మెల్లగా దిగుతోంది. కూర్మయ్య దాన్ని గుప్పిట్లోంచి పోనిస్తున్నాడు. గరివిడి ఫ్యాక్టరీకి అద్దెకు తిరిగే ఆ క్రేను రోజూ అతని గుప్పిట దాటాకే ఓనరు షెడ్డు గేటు దాటుతుంది. తాడులో ఒక్క తీగ తెగి లేచినా చేతికి ముల్లులా తగలాలి. కొత్తవాళ్లు తాడుకి దూదిపీచు చుట్టి లాగుతారు. తీగ లేచిన చోట పోగులు చిక్కుకుంటాయి. ఆ పద్ధతంటే కూర్మయ్యకి చిన్నచూపు. ముప్ఫయ్యేళ్లుగా ఆ అరచెయ్యే అతని చదువూ, పరువూ.

ఈమధ్య పొద్దున్నే ఒళ్లు లేవనంటోంది. మొన్న పొయ్యి మీది గిన్నె ఉత్తచేత్తో దించితే పెళ్లాం అసిరమ్మ కేకలేసింది. "సెయ్యా, సెక్కా అది?" నవ్వేశాడు. నవ్వయ్యాక చాలాసేపు చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు.

తాడు చివరికొచ్చింది. "బాగుంది. ఎల్లు," అన్నాడు.

ఆపరేటరు కొండబాబు క్యాబిన్లోంచి దిగి తాడు మీదికి వంగాడు. "మావా, ఎర్రగున్నాదేటి?"

"తుప్పురా."

"ఏదీ, సెయ్యి సూపించు."

కూర్మయ్య గుప్పిట విప్పాడు. చూపుడువేలు మొదట్నుంచి మణికట్టుదాకా చీరుకుపోయింది. నల్లటి గ్రీజులో నెత్తురు సన్నగా పారుతోంది. నొప్పి ఎప్పుడొస్తుందా అని చూశాడు. రాలేదు.

కొండబాబు గొంతు తగ్గించాడు. "కట్టు కట్టుకో మావా. తాడు మార్సీద్దాం. నీకు తెలీనేదని ఓనరుకి సెప్పన్లే."

కూర్మయ్యకి ఒక్క క్షణం ఒళ్లు తేలికైంది. అంటే రేపు కూడా పనికి రావచ్చు. నిన్న కూడా ఈ చేత్తోనే బాగుందన్నాడు. మొన్న కూడా. ఆ రోజుల్లో క్రేను కొక్కెం కింద ఎవరెవరు నిలబడ్డారో!

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "తాడు మార్సాలి బాబూ. తీగలు లేసిపోనాయి. నా సేతికి తెలీనేదు."

ఓనరు జగన్నాధం చెవి దగ్గర్నుంచి ఫోను తీయలేదు. "అవతల ఫ్యాక్టరీవాళ్లు తినేస్తన్నారు. ఈ పూటకి బాగుందను కూర్మయ్యా, నీ మాట సాలు."

"నానింక ఆ మాట అనను బాబూ."

జగన్నాధం ఫోను దించాడు.

కొత్త తాడు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. "పీచు సుట్టి లాగరా. సెయ్యెట్టకు," అన్నాడు కూర్మయ్య, కొండబాబుతో. క్రేను గేటు దాటింది. దాని వెనకే అతనూ దాటి, ఎడమవైపు, ఇంటిదారి పట్టాడు. ఎవరూ పిలవలేదు.

లోపల, అంతదాకా క్రేను నిలిచిన చోట, దాని కిందికి దూరి పనిచేసేటప్పుడు అతను పరుచుకునే గోనెపట్టా మిగిలింది, రెండు భుజాలూ వీపూ ఆనినంత మేరా నల్లగా నిగనిగలాడుతూ.