మొగలేటి గట్టున నాలుగవ చిత్రము

కార్తీకమాసమున నొక సాయంకాలము సూర్యుఁ డస్తమించిన కొలఁదిసేపటికి మొగలేటి పడమటి గట్టుమీఁద మెఱుపొకటి మెఱసి యాఱెను. ఆకాశమున మేఘము లేదు. ఆ మెఱుపు నడకుదుటి భైరవస్వామి చేతనున్న ఛాయాగ్రాహకయంత్రమునుండి వచ్చినది. అది వచ్చిన పిమ్మట నతని కుడిచేయి రెండుచోట్ల విఱిగెను.

మొగలేరు జమ్ముపొదల నడుమఁ బ్రవహించి సముద్రమునఁ గలియు పాయ. దానియందు వలలు వేసి బ్రదుకు పల్లెకారుల గ్రామము లంకపాలెము. ఎగువనున్న యొక కర్మాగారమువారు తమ విషజలమును లారీలకెత్తించి చీఁకటిపడువేళ నా యేటిలో విడిపించుచుండిరి. మఱునాఁటి యుదయమునకు జెల్లచేపలును మట్టగిడసలును వెల్లకిలఁ దేలియుండెను. గ్రామస్థులు కాలుష్యనివారణాధికారికి మొఱపెట్టుకొనిరి.

“ఫొటో ఏదయ్యా? లారీ, దాని నంబరు, గొట్టంలోంచి పడే నీళ్ళు కనపడాలి. చేపలు చచ్చినయ్యంటే చేపల్ని పిలిచి సాక్ష్యం అడగలేం గదా!” అని యధికారి పలికెను.

ఆ గ్రామపు పల్లెకారుఁడైన భైరవస్వామి పూర్వము దుబాయి పడవలలోఁ బనిచేసి వచ్చునపుడు జూము కెమెరా యని జనులు వ్యవహరించు చిన్నయంత్రము నొకదానిఁ దెచ్చుకొనియుండెను. అది యఱచేత నిముడును. మూఁతను ప్రక్కకుఁ ద్రోసినఁ గటకమును ముందునకుఁ జాఁచును. మీట నొక్కిన దూరవస్తువును దగ్గఱకుఁ దెచ్చును. వెలుతురు చాలనిచోఁ దనంతఁ దానే మెఱయును. మెఱయవలదని చెప్పుటకు వేఱొక మీట కలదు. అయినను మూఁత మూసినతోడనే యా యంత్రము యజమాని చెప్పిన దంతయు మఱచును. మరలఁ దెఱచునప్పటికి కటకము దగ్గఱిచూపునకును మెఱుపు తన యిచ్చకును వచ్చియుండును. ఈ సంగతి భైరవస్వామి యెఱుఁగును.

అతని చెల్లెలు నాంచారమ్మ. ఆమె భర్త పోతురాజు. భైరవస్వామి యంత్రమును తుడుచుకొనుచుండఁగాఁ బోతురాజు చూచి నవ్వెను.

“ఏం బామ్మర్దీ, లారీవోళ్ళని వరసలో నిలబెట్టి నవ్వమంటావా ఏంది?”

“నవ్వకపోయినా పర్లేదు బావా. నంబరు కనపడితే చాలు.”

“ఆళ్ళ జోలి మనకెందుకురా,” అని పోతురాజు లేచిపోయెను.

ఆ సాయంకాలము భైరవస్వామి జమ్ములోఁ గూర్చుండి మెఱుపు నాఁపి కటకమును తుదివఱకుఁ జాఁచి లారీని మూఁడుమాఱులు తీసెను. తీసిన ప్రతిమాఱును యంత్రము గురగురలాడుచు ఫిల్మును చుట్టుకొనెను. అంతట జమ్ము కదలిన సవ్వడి యయ్యెను. అతఁ డూపిరి బిగఁబట్టి మూఁత మూసెను. కొంతసేపటికి గొట్టమునుండి నీరు పడు చప్పుడు వినవచ్చెను. తాను వేచియున్న క్షణమదియే యని మూఁతఁ ద్రోసి మీట నొక్కెను. గట్టంతయుఁ దెల్లనయ్యెను.

“ఎవడో ఫొటో తీశాడ్రోయ్!” అను కేక జమ్ములోనుండి వచ్చెను.

లారీ నడపువాఁడును వాని తోడివాఁడును ఇనుపకడ్డీతోఁ బరుగెత్తి వచ్చిరి. “నవ్వరా, నీకూ తీస్తాం ఫొటో!” అనుచు నొకఁడు కొట్టెను. రెండవవాఁడు యంత్రము వెనుకతలుపు తెఱచి కనఁబడిన ఫిల్మును త్రెంచి బురదలోఁ ద్రొక్కి యంత్రమును పొదలలోనికి విసరెను.

భైరవస్వామిని భుజముమీఁద వేసికొని వైద్యశాలకుఁ జేర్చినవాఁడు పోతురాజు. “నా బామ్మర్ది మీద చెయ్యేసింది ఎవడ్రా!” అని వాఁడు దారిపొడవున నేడ్చెను.

నాంచారమ్మ యంత్రమును వెదకి తెచ్చి పట్టణమునందలి ఛాయాచిత్రశాలలోఁ దమ పెండ్లికిఁ జిత్రములు తీసిన జిలానీ యనువాని కిచ్చెను. జిలానీ చీఁకటిగదిలోనికిఁ బోయి వచ్చి యిట్లనెను.

“ఈ రకం కెమెరా రీలు పెట్టంగానే మొత్తం బయటికి లాగేసుద్దమ్మా. తీసిన బొమ్మని తీసినట్టే డబ్బీలోకి చుట్టుకుంటది. ఆళ్ళు తెంపింది ఖాళీ రీలు. నాలుగు బొమ్మలూ లోపల భద్రం.”

మొదటి మూఁడు చిత్రములు చేయి వణఁకుటచేఁ జెదరియుండెను. లారీ యొక మరకగా నుండెను. అంకెలు కనఁబడలేదు. నాలుగవదానిలో లారీ కనఁబడుటయే లేదు. జమ్మాకులు తెల్లగా నుండెను. వానినడుమ నాఱిన టార్చి చేతఁబట్టి యంత్రమువైపునకు వంగి చూచుచున్న మనుష్యుఁ డొకఁ డుండెను. వాని తలకుఁ జుట్టిన తువాలు నాఁటి యుదయమున నాంచారమ్మ యుదికి యాఱవేసినది. మెఱుపు తగిలి వాని కన్నులు రెండును ఎఱ్ఱగాఁ బడెను.

“మీ ఆయనే గదమ్మా? కళ్ళు ఎర్రబడ్డయ్. నల్లచుక్క పెట్టి సరిచెయ్యనా?”

“వద్దు బాబూ. అట్టాగే ఉండనీ. దీన్నొకదాన్ని పెద్దది చెయ్యి,” అని నాంచారమ్మ పలికెను.

ఆమె నాలుగు చిత్రములను వైద్యశాలలోనున్న యన్న ముందుంచెను. భైరవస్వామి నాలుగవదాని నెడమచేతఁ దీసికొని చూచెను.

“నంబరు లేకపోయినా బావ నోరిప్పితే చాలు నాంచారీ. లారీ ఎవరిదో, కాపలా ఎవరు పెట్టారో అంతా బయటికొస్తది. ఏరు బతుకుతది. కానీ పోలీసులు ముందు బావనే తీసుకుపోతారు.”

“అడిగి చూత్తా అన్నాయ్.”

ఆమె యడిగెను. పోతురాజు చిత్రమును చూచి ప్రక్కకుఁ బెట్టెను.

“ఏరు ఎప్పుడో చచ్చిందే. చచ్చినదానికి కాపలా ఉండి నీకు కూడు తెచ్చా. తప్పేంది?”

“అన్నాయ్ చెయ్యి?”

“చీకట్లో ఎవడో తెలీలా.”

“మెరుపులో కూడా తెలీలేదా?”

పోతురాజు చిత్రమును బోర్లించి పెట్టెను.

విచారణదినమున భైరవస్వామి కట్టుకట్టిన చేతితో నధికారియెదుట నిలిచెను. పోతురాజు సంచి పట్టుకొని తోడుగా వచ్చెను. నాంచారమ్మ గుమ్మమువద్ద నిలుచుండెను. అధికారి మూఁడు చిత్రములను త్రిప్పి చూచెను.

“ఇందులో ఏముందయ్యా, మంచు తప్ప? ఫ్లాష్ వెలిగినందుకే కొట్టారన్నావుగా. ఆ ఫొటో ఏదీ?”

భైరవస్వామి చెల్లెలివైపు చూచెను. ఆమె తల వంచుకొనియుండెను.

“అది పడలేదండీ,” అని యతఁడు పలికెను.

సాక్ష్యము లేదని యధికారి వ్రాసి యర్జీని త్రోసిపుచ్చెను. లారీ యిప్పటికిని వచ్చుచున్నది. భైరవస్వామి కుడిచేత వల విసరలేఁడు.

నాలుగవ చిత్రము నాంచారమ్మ యింటియందుఁ బోతురాజు భోజనమునకుఁ గూర్చుండు పీఁట కెదురుగా గోడకు వ్రేలాడుచున్నది. దానికి అద్దము వేయింపఁబడినది. అతఁడు పీఁటను త్రిప్పుకొని కూర్చుండి భుజించును. అతఁడు లేచిన పిమ్మట నామె యెంగిలి యెత్తి పీఁటను మరలఁ జిత్రమువైపునకుఁ ద్రిప్పి పెట్టును.