స్టార్ కట్టని ఇల్లు

మైత్రీవనంలోని కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పొద్దుటినుంచీ వచ్చినవాళ్లందరికీ జవాబులు చెప్పి చెప్పి సుమశ్రీ గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు, అత్తగారు కమలకుమారి బాల్కనీలోంచి పిలిచింది.

"అమ్మాయ్, నేను కట్టిన క్రిస్మస్ స్టార్ మీ ఆయన విప్పేశాడు. ఎందుకో అడుగు."

లోపలి గదిలోంచి కామరాజు అందుకున్నాడు. "బైబిల్లో లేని పండగ ఈ ఇంట్లో వద్దని అమ్మకి చెప్పు సుమా."

బాపట్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో కాపురం పెట్టినప్పటినుంచీ వాళ్లింట్లో డిసెంబరు రాగానే స్టార్ వెలిగేది. పంజగుట్టలో ఒక చిన్న ప్రార్థన సహవాసంలో చేరాక కామరాజు మారాడు. అక్కడివాళ్లు క్రిస్మస్ చేయరు. పోయినేడాది గొణిగి ఊరుకున్నాడు. ఈసారి స్టార్‌ని అటకెక్కించాడు. చెడ్డవాడు కాడు, నమ్మినదాన్ని వదలని మనిషి. తల్లీ అంతే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కూడా సుమశ్రీతోనే మాట్లాడుతున్నారు.

మర్నాడు లిఫ్టులో పక్కింటి సీతాబాయి కలిసింది.

"ఏందమ్మా, గీసారి స్టార్ కట్టలే? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"బాగానే ఉన్నామండీ. ఈ ఏడు కుదరలేదు."

"జర పెట్టమ్మా. మా పిల్లలు సుత అడుగుతుండ్రు."

సుమశ్రీ నవ్వింది. ఆ నవ్వుకే అలసట వచ్చింది.

క్రిస్మస్ ముందురోజు రాత్రి అన్నాల దగ్గర మళ్లీ మొదలైంది.

"ప్రభువు ఇరవై అయిదున పుట్టాడని ఏ సువార్తలో ఉందో అమ్మని చూపించమను."

"బళ్లో వీడి పుట్టినరోజు అయ్యవారు తోచింది రాశారు. అయినా ఆ రోజు వీడికి ఏటా పాయసం చేశాను. అదీ తప్పేనేమో కనుక్కో అమ్మాయ్."

సుమశ్రీ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నాకు తెలీదు అత్తయ్యా. ఏవండీ, మీకూ అదే చెబుతున్నా. పండగ చేసే ఓపికా లేదు, మానే ఓపికా లేదు. యేసుప్రభువు కోసమే అయితే మీరిద్దరూ మాట్లాడుకోండి. నన్ను మధ్యలో నిలబెట్టకండి."

గట్టిగా అనలేదు. అన్నం సగంలో వదిలేసి వెళ్లి పడుకుంది.

లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. భయపడి ఫోన్ చేసింది.

"చర్చి దగ్గరున్నాం," అన్నాడు కామరాజు. "అమ్మ ఒక్కతే ఆటోలో పోతానంది. ఆ మోకాళ్లతో ఎలా పంపను? నిన్ను లేపబుద్ధి కాలేదు."

"మీరూ లోపలున్నారా?"

"లేదు. గేటు బయట టీకొట్టు దగ్గర."

పదకొండు దాటాక ఇద్దరూ వచ్చారు. కమలకుమారి తెల్లచీర నలిగిపోయింది. కామరాజు చేతిలో ఇడ్లీ పొట్లాలున్నాయి.

"రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డావు. లోపలికొచ్చి ఒక్క పాట పాడితే నీ సొమ్మేం పోయింది?" అంది ఆవిడ, కొడుకు వైపే చూస్తూ.

"నమ్మకుండా పాడితే అది పాటెలా అవుతుందమ్మా?"

"మరి తీసుకెళ్లడమెందుకు?"

"నువ్వు నమ్ముతావు గదా."

ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాళ్లు రాసుకుంది. తర్వాత మళ్లీ ఏదో అంది, అతనూ ఏదో అన్నాడు. ఎవరూ సుమశ్రీని పిలవలేదు. వచ్చే డిసెంబరులోనూ ఇదే గొడవ అని ఆమెకి తెలుసు. పొట్లం విప్పి, చల్లారిపోయిన ఇడ్లీ తుంచుకుని, చాలా రోజుల తర్వాత నెమ్మదిగా తినసాగింది.